హీటరు గొట్టాలు కలిపి కొల్లేరు దాకా

ఏలూరు నుంచి కొల్లేరు చూడబోయేవాళ్లు పొద్దున్న టిఫిను చేసి బయల్దేరి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తారు. మాకు రెండు రోజులు పట్టింది. తూర్పున తాడేపల్లిగూడెం దాకా వెళ్లి, పెంటపాడు, గణపవరం మీదుగా చుట్టు తిరిగి సరస్సు చేరుకున్నాం. దారిలో నేను చాలా చోట్ల ఆగి ప్రకృతిని పరిశీలించాను. ఈ వ్యాసంలో ప్రకృతి వర్ణన ఎక్కడ ఎక్కువైతే అక్కడ ఇంజను వేడెక్కిందని పాఠకులు గ్రహించాలి.

ఏలూరు

మాది పాత చిన్న పెట్రోలు కారు. కంపెనీ పేరు రాయను, ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. దానికి హీటరు ఉంది. ఏలూరులో తిరిగే కారుకు హీటరు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. మాకు ఆ సౌకర్యం ఏడాదిలో చాలా భాగం పైనుంచే అందుతుంది. ఇంజనును చల్లబరిచే నీళ్లు రెండు రబ్బరు గొట్టాల్లో డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న పెట్టెలోకి వెళ్లి తిరిగి వస్తాయి. ఆ పెట్టే హీటరు. దానికి చిల్లు పడింది. ఎడమ పక్క సీట్లో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర ఆకుపచ్చటి నీళ్లు చేరి, కారంతా పాడైపోయిన పానకం వాసన వేసేది. ఎడమ పక్క కూర్చునేది మా ఆవిడ నజీమా.

గ్యారేజీలో అడిగితే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదియ్యాలన్నారు. మళ్లీ బిగించడం గురించి అడిగితే అది అప్పుడు చూద్దామన్నారు. అందుకని నేనే రంగంలోకి దిగాను. నేను ఇంటర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఇంజను విషయంలో నా అర్హత అంతే. ఇంటర్నెట్లో వీడియోలు చూశాను. హీటరుకు వెళ్లే గొట్టాన్నీ, వచ్చే గొట్టాన్నీ దాన్నుంచి పీకేసి, ఒకదానికొకటి కలిపేస్తే సరిపోతుందట. నీళ్లు హీటరు గడప తొక్కకుండా బయటినుంచే వెనక్కి మళ్లుతాయి. ఒక ఆదివారం పూట మధ్యలో వంపు పైపు పెట్టి, క్లిప్పులు బిగించి కలిపేశాను. గొట్టం వేలాడుతూ ఉంటే అసహ్యంగా ఉంటుందని పైకి లేపి, పెళ్లివారి కమానులా వంచి కట్టాను. చూడటానికి చాలా బాగుంది. ఫోటో కూడా తీశాను.

ఈ శ్రమకు కారణం ఉంది. నజీమా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు. ఇంతకాలం పెంటపాడులో పనిచేసింది. గూడెం దాకా రైలు, అక్కడినుంచి ఆటో. ఈ వేసవి బదిలీల్లో కొల్లేరులో ఒక ఊరు వచ్చింది. ఆవిడ ఇంకా అక్కడ పనిచేయాలి కాబట్టి ఊరి పేరు రాయను. రైలు లేదు. బస్సు ఉందని ఆ ఊరివాళ్లు అంటారు గాని, చూసినవాళ్లెవరూ మాకు తగల్లేదు. బడి తెరవడానికి వారం ముందు నజీమా తేల్చి చెప్పింది.

"పెంటపాడులో నా సామాను తెచ్చుకుని, ఆ ఊరెళ్లి బడీ, గదీ చూసొద్దాం. బండి దారిలో ఆగకుండా తిరిగితే రోజూ ఇంటి నుంచే వెళ్లొస్తానండి. ఎక్కడైనా ఆగిందా, అక్కడే గది తీసుకుంటాను. ఆదివారాలు వస్తాను."

మా ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు నడుస్తుంది. బండి విషయం మాత్రం పూర్తిగా తెలుగులోనే మాట్లాడుకుంటాం. భార్య ఆదివారాలు మాత్రమే ఇంట్లో ఉండే ఏర్పాటు నాకు నచ్చలేదు. వెళ్లి క్లిప్పులు ఇంకో చుట్టు బిగించాను.

భీమడోలు

మొదటి వర్ణన ఇక్కడ. భీమడోలు దగ్గర హైవే పక్కన కొబ్బరి చెట్లు ఎంతో అందంగా ఉంటాయి. ఆ అందం నాకు కనబడే సమయానికి డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు ఎర్ర గీత వైపు నడుస్తోంది. బండి పక్కకు తీశాను.

"ఆగిందా?" అంది నజీమా.

"ఆగలేదు, ఆపాను. ఇక్కడ టీ బాగుంటుంది."

టీ బాగాలేదు. మా పక్కన నిలబడి తాగుతున్న లారీ డ్రైవరు, నేను బానెట్ ఎత్తి ప్రకృతిని చూడటం గమనించి దగ్గరికొచ్చాడు. వేడెక్కితే హీటరు ఆన్ చేసి నడపాలట. ఇంజను వేడి కొంత లోపలికి లాగేస్తుందట. హీటరు గొట్టాలు తీసేశానని చెప్పాను. ఆయన నన్నూ, నా కమానునూ కాసేపు చూశాడు.

"అయితే ఇంకో టీ తాగండి" అన్నాడు.

రెండో టీ అయ్యేసరికి ముల్లు మధ్యకు దిగింది. ఏం చేస్తే దిగిందో తెలియదు. టీ వల్లనే అనుకోవాల్సి వచ్చింది.

తాడేపల్లిగూడెం

గూడెంలో రైల్వే వంతెన ఎక్కుతుండగా వింత జరిగింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను కష్టపడుతుంది కాబట్టి వేడి పెరగాలి. మా ముల్లు తగ్గింది. వంతెన దిగుతుంటే పెరిగింది. ఈ బండికి ఎత్తు ప్రదేశాలు ఇష్టమేమో, ఊటీలో పుట్టాల్సింది పొరపాటున మాకొచ్చిందేమో అన్నాను. నజీమా నవ్వలేదు. వెనక్కి తిరిగి వంతెనను చూసింది.

మా తోడల్లుడు బాషాగారు గూడెం మార్కెట్లో ఉల్లిపాయల వ్యాపారం చేస్తారు. ఆ బజారు చూడవలసిందే. ఎర్రటి బస్తాల గుట్టలు, కాళ్ల కింద గలగలలాడే ఉల్లి పొరలు, కళ్లు తుడుచుకుంటూ బేరమాడే మనుషులు. ఏడుపు దేనికో బయటివాళ్లకు తెలియదు. మా ఏలూరులో కిలోకి చెప్పే ధర ఇక్కడ రెండు కిలోలకు చెబుతారు, అదీ మొహమాటపడుతూ. ఇంకో తేడా కూడా గమనించాను. ఏలూరులో బానెట్ ఎత్తితే నలుగురు చేరి ఏమైందని అడుగుతారు. గూడెంలో అడగరు. నేరుగా చెయ్యి పెడతారు.

బాషాగారికి ఏ రోగానికైనా ఒకటే మందు, తీసెయ్యడం. కిందటేడు ఆయన పిత్తాశయం తీశారు, అప్పటినుంచి ఈ నమ్మకం ఇంకా బలపడింది.

"థర్మోస్టాట్ అని ఒకటుంటది తమ్ముడుగారూ. నీళ్లకి అడ్డం. తీసి పారేస్తే పోద్ది."

ఆలోచించి చెబుతానన్నాను. భోజనానికి కూర్చోబెట్టారు. మా వదినగారి గోంగూర మాంసం తింటూ ఎవరూ ఏ విషయమూ ఆలోచించలేరు. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన లారీ మెకానిక్కు వచ్చి పని ముగించి వెళ్లిపోయాడు. మా థర్మోస్టాట్ ఉల్లిపాయల గంపలో ఉంది. తీసేటప్పుడు కారిపోయిన నీళ్ల బదులు కొత్త నీళ్లు కూడా పోశాడట. ఆ సాయంత్రం బజారు చుట్టూ తిప్పి చూశాం. ముల్లు కాసేపు లేవనే లేదు. తరువాత ఒక్కసారిగా లేచింది. తరువాత దానంతటదే పడుకుంది. బాషాగారు నా భుజం తట్టి, "అలవాటు పడతందండి" అన్నారు. ఎవరికి ఎవరు అలవాటు పడుతున్నారో తెలియలేదు. రాత్రి అక్కడే పడుకున్నాం.

పెంటపాడు

మర్నాడు పొద్దున్నే పెంటపాడు. చుట్టూ వరి పొలాలు, నారుమళ్ల కోసం నీళ్లకు ఎదురుచూస్తున్నాయి. ఈ సారి ఆపింది నేను కాదు, ఊరే వచ్చింది. అందువల్ల వర్ణన ఇంతే.

నజీమా బడికి వెళ్లి బీరువాలోంచి తన సొంత సామాను తెచ్చుకుంది. ఒక ప్రిజం, రెండు స్ప్రింగులు, తరాజు, మూరెడు ప్లాస్టిక్ గొట్టం, అవతలిది కనబడేటంత స్వచ్ఛమైనది. వాచ్‌మన్ తప్ప ఎవరూ లేని సెలవుల బడి అది. ఆ గదుల్లో ఆవిడ ఒంటరిగా కాసేపు తిరిగింది. నేను బయట బానెట్ దగ్గర ఉన్నాను.

ఆవిడతో పనిచేసే విజయగారి ఇంట్లో టిఫిను. దిబ్బరొట్టె, అల్లం పచ్చడి. మా ఏలూరులో అతిథి చాలన్నాక ఇంకొకటి వేస్తారు. ఇక్కడ చాలు అనే మాటను ఆకలిగా ఉందని అర్థం చేసుకుంటారు. విజయగారి భర్త సత్యంగారు వరి పండిస్తారు, రెండు ట్రాక్టర్లున్నాయి. ఆయన నా కమానును చూసి చాలా మర్యాదగా బాధపడ్డారు.

"ఎందుకండీ ఈ గొట్టాలు కలపడం? రెండింటికీ చెరో బిరడా కొట్టేస్తే గొడవుండదు గదండీ."

బిరడా కొడితే నీళ్ల తిరుగుడు ఆగిపోతుందని వీడియోలో చెప్పారన్నాను. వీడియోలో చెప్పినాయన ఏ ట్రాక్టరు నడుపుతాడని అడిగారు. నాకు తెలియదు. చివరికి ఇద్దరం రాజీపడి, కమానుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టాం. దానివల్ల లాభమేమిటో ఇద్దరికీ తెలియదు. వచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం బస్తా వేశారు. వద్దంటే ఊరుకోలేదు. మేడంగారు వెళ్లిపోతున్నారని విజయగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నజీమా పెట్టుకోలేదు. ఆ ప్లాస్టిక్ గొట్టం ఒళ్లో పెట్టుకుని కారెక్కింది.

దారిలో ఆవిడ సీసాలో నీళ్లు గొట్టంలో పోసి, రెండు చివర్లూ బొటనవేళ్లతో మూసి పట్టుకుంది. లోపల చిన్న బుడగ ఉండిపోయింది. గొట్టాన్ని అటు వంచుతుంది, ఇటు వంచుతుంది. బుడగ అటు పోతుంది, ఇటు పోతుంది. పాత బడి వదిలి వచ్చినందుకు దిగులుగా ఉందనుకుని, పలకరించకుండా నడిపాను. ఇంజనులోంచి గడగడమని, ఎవరో హుక్కా తాగుతున్నట్టు చప్పుడు వస్తోంది. అది కూడా దిగులే అనుకున్నాను.

గణపవరం

గణపవరం దాటిన తరువాత కాలవ గట్టు మీద తుమ్మ చెట్ల నీడ, అవతల చేపల చెరువుల్లో తెల్లటి నురగ లేపుతూ నీళ్లకు గాలి పట్టించే ఏరేటరు చక్రాలు, గట్ల మీద వరసగా కొంగలు. చాలా చాలా అందమైన ప్రదేశం. ముల్లు ఎర్ర గీత మీద కూర్చుంది.

"ఆగిందా?"

"ఆపాను. గట్టున కాసేపు నడుం వాల్చాలని ఉంది."

కిందనుంచి నీళ్లు కారుతున్నాయేమో చూడాలి. నేల తడిగా ఉంది. వెనక సీట్లో ఒక తివాచీ ఉంది. మా నాన్నగారి తరం దాకా మా ఇంట్లో తివాచీలు నేసేవారు. గది చూపించబోయే ఇంటావిడకు ఇద్దామని నజీమా అటక మీద నుంచి వెతికి తీసిన మంచి ఉన్ని తివాచీ అది. కారు కింద పరిచి పడుకున్నాను. కారడం లేదు. కొంచెం నిరాశ కలిగింది, కారితే కనీసం సంగతి తెలిసేది. సైకిలు మీద పోతున్న పెద్దాయన ఆగి వంగి చూశారు.

"ఏవండీ, ఏవైనా అయ్యిందాండీ?"

"లేదండీ, పడుకున్నాను."

"ఆయ్, అలాగేనండి" అని ఆయన వెళ్లిపోయారు. ఈ ప్రాంతపు మర్యాద ఇటువంటిది. కారు కింద తివాచీ పరుచుకుని పడుకున్న మనిషిని కూడా ఇంకో ప్రశ్న అడగరు.

లేచి చూస్తే తివాచీ మీద అరచేయంత గ్రీజు మరక. దాన్ని లోపలికి పెట్టి చుట్టేశాను. నజీమా కారులోనే కూర్చుని గొట్టం వంచుకుంటోంది. ఇంజను చల్లబడే దాకా నేను కొంగలను చూశాను. కొంగల గురించి నాకు ఇప్పుడు కొంత తెలుసు.

కొల్లేరు

కొల్లేరు ఎక్కడ మొదలవుతుందో మేము చెప్పలేం. దారిలో ఇద్దరిని అడిగాం. ఒకాయన మీరు కొల్లేరులోనే ఉన్నారన్నాడు. మీరు ఉన్నది నా పొలంలోనండి, కొల్లేరు ఇంకా అవతల అన్నాడు ఇంకొకాయన. ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడి ఉన్నారు. ఒకప్పుడు సర్కారు కొట్టేసిన గట్లు, మళ్లీ వేసిన గట్లు, వాటి మధ్య చెరువులు, చెరువుల మధ్య మేము. ఎటు చూసినా నీళ్లు, ఎటు చూసినా చదును. ముందేదో వెనకేదో తెలియనంత చదును.

ఊళ్లోకి వెళ్లాం. బడి బాగుంది, గోడలకు కొత్త సున్నం వేశారు. గది ఉన్న ఇల్లు మాణిక్యమ్మగారిది. పడవ నడిపే కుటుంబం, ఇప్పుడు చేపల చెరువు మీద బతుకుతున్నారు. కారు సరిగ్గా వాళ్ల అరుగు ముందుకు వచ్చి, గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి, బానెట్ సందుల్లోంచి ఆవిరి వదులుతూ ఆగిపోయింది. నేను ఆపలేదు. చుట్టూ చూశాను. పొగడటానికి చెట్టు లేదు, టీ కొట్టు లేదు. ఉన్న ఒక్క కొంగ కూడా ఎగిరిపోయింది.

నజీమా నా వైపు చూస్తోంది. ఈ సారి ఆగిందా అని అడగలేదు.

"ఆగింది" అన్నాను.

రెండు రోజులుగా ముల్లు వైపే చూసి పట్టేసిన మెడ, ఆ మాట అన్న తరువాత మొదటిసారి వదులైంది. గది సంగతి తేలిపోయింది, ఇంక ఆదివారాలే అనుకున్నాను. దిగి తివాచీ చేతికి తీసుకున్నాను.

"అది గాలండి" అంది నజీమా.

"ఏది?"

ఆవిడ ప్లాస్టిక్ గొట్టం నా మొహం ముందు కమానులా వంచి పట్టుకుంది. బుడగ వంపు కొసకు చేరి అక్కడ కూర్చుంది. "మీరు గొట్టాన్ని పైకి లేపి కట్టారు. ఇంజనులో అన్నిటికంటే ఎత్తయింది అదే, రేడియేటర్ మూత కన్నా ఎత్తు. గాలి అక్కడ చేరి నీళ్లను కదలనివ్వట్లేదు. ముందుభాగం పైకి లేపితే మూత ఎత్తవుద్ది, గాలి అటు వచ్చేస్తుంది."

"నీకెప్పుడు తెలిసింది?"

"గూడెం వంతెన మీద."

"మరి చెప్పలేదేం?"

"మీరు ఆగిందనలేదు గదండీ. ఆగని బండికి నేనేం చెప్తాను?"

దీనికి సమాధానం ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇక ఎత్తు కావాలి. వీడియోల్లో అందరూ బండిని ఏటవాలు మీద పెట్టి గాలి తీయమంటారు. ఆ వీడియోలు తీసినవాళ్లు మా జిల్లాకు రాలేదు. కనుచూపుమేరలో ఏటవాలు లేదు. మాణిక్యమ్మగారు ఆలోచించి, చెరువులోంచి చేపల ట్రేలు ఎక్కించుకుని ట్రాక్టరు గట్టెక్కే వాలు ఒకటి ఉందని చూపించారు. అరుగు మీదున్న నలుగురు సాయం పట్టి, కారును అక్కడిదాకా తోసి, ముక్కు పైకి వచ్చేలా పెట్టి, చక్రాల వెనక ఇటుకలు వేశారు.

తరువాత నీళ్లు కావాలి. చుట్టూ ఇన్ని నీళ్లుండగా రేడియేటర్‌లో పోయదగ్గవి లేవు. చెరువు నీళ్లలో మేత, పాచి, ఉప్పు. ఈ ఊళ్లలో తాగే నీళ్లు ట్రాలీ ఆటోలో టిన్నుల్లో వస్తాయి. మేము మాణిక్యమ్మగారింటికి వెళ్లింది గది అడగటానికి, అడిగింది నీళ్ల టిన్ను.

"తాగటానికా అండీ?" అన్నారావిడ.

"బండికండీ."

ఆవిడ బండినీ, టిన్నునూ చూశారు. ఏలూరులో అయితే ఇక్కడ ఒక ఉపన్యాసం వచ్చేది. "తీసుకెళ్లండి. మనుషులకి ఇంకోటుంది" అన్నారు.

ఇంజను చల్లారే దాకా ఆవిడ పెట్టిన భోజనం చేశాం. చింతకాయతో చేసిన చేపల పులుసు, ముందురోజుది. పులుసు ఒక రాత్రి గడిస్తేనే రుచి అని ఆవిడ అన్నారు, నిజమే. అప్పుడు నజీమా మూత తీసింది. ఇంజను స్టార్ట్ చేసి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ నిలబడింది. కాసేపటికి బుడగలు మొదలయ్యాయి. పెద్దది ఒకటి, పీత ఊపిరి వదిలినట్టు పైకొచ్చి పగిలింది. నీళ్లు ఒక్కసారిగా దిగిపోయాయి. మళ్లీ పోసింది. హుక్కా చప్పుడు ఆగిపోయింది. నా కమానును విప్పి కిందికి వంచి, సత్యంగారి సైకిల్ ట్యూబుతోనే కట్టింది. ఇప్పుడది వేలాడుతోంది, అసహ్యంగా ఉంది. ఫోటో తీయలేదు.

తివాచీ ఇచ్చాం. విప్పగానే మరక కనబడింది.

"కొత్తదేనండి" అంది నజీమా. "మావారు ఒకసారి పడుకున్నారు."

"మగోళ్లు పడుకుంటే అంతే గదండీ" అని మాణిక్యమ్మగారు మరక గోడవైపు వచ్చేలా పరిచారు. గది మాట ఎత్తారు. నజీమా గది చూసింది, కిటికీ తెరిచి చూసింది. రోడ్డు మీదికి నీళ్లొచ్చే వానాకాలం రోజులకు మాత్రం ఉంచమని అడిగింది. మిగతా రోజులు ఇంటినుంచే వస్తానంది. ఆగిన బండిని కళ్లారా చూసిన తరువాత ఇలా ఎందుకు తేల్చిందో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని అడగలేదు.

నేను డ్రైవరు సీటు వైపు నడిచాను. ఆవిడ అప్పటికే అందులో ఉంది.

"రోజూ నడపాల్సింది నేనే గదండీ" అంది.

ఆ సంగతి నేను అంతవరకు ఆలోచించలేదు. క్లిప్పులు బిగిస్తున్నప్పుడు కూడా.

మళ్లీ ఏలూరు

ఎడమ పక్క సీట్లోంచి ఆ దారిని నేను చూడటం అదే మొదలు. కాళ్ల కింద పొడిగా ఉంది. సరస్సు మీద కట్టిన పెద్ద వంతెన మీదినుంచి వస్తుంటే ఒక పక్క చెరువులు, ఒక పక్క నిజమైన కొల్లేరు అని చెప్పుకునే గడ్డీ నీళ్లూ, వాటి మీద సాయంత్రపు వెలుగు. ఇది బండి ఆగకుండా రాసిన వర్ణన, ఒక్కటే. ముల్లు మధ్యలో కూర్చుని ఇంటిదాకా కదలలేదు.

ఇంటికొచ్చాక తాళంచెవి గుమ్మం పక్క మేకుకు తగిలించకుండా నజీమా తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఇప్పుడు నేను కాలేజీకి షేర్ ఆటోలో వెళ్తున్నాను. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా అడిగితే బండి బాగుచేసింది నేనేనని చెబుతాను. అందులో అబద్ధం కొంతే.

సాయంత్రం ఆవిడ కొల్లేరు నుంచి వస్తుంది. ఒక్కోరోజు కాస్త ఆలస్యమవుతుంది. గేటు తీస్తూ అడుగుతాను, దారిలో ఎక్కడైనా ఆగిందా అని.

"ఆగలేదు, ఆపాను" అంటుంది. "కొంగలు చాలా వచ్చాయండి ఈ రోజు."

ఆవిడ లోపలికి వెళ్లాక నేను బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. వేడిగానే ఉంటుంది. అంతదూరం ఎండలో వచ్చిన బండి వేడిగా ఉండక ఏం చేస్తుంది? చెయ్యి తీసేస్తాను. ఆగిందో, ఆపిందో తెలియదు.